కుదిపితే సర్దుకునే పెట్రోలు

ఆ రోజు హుజూర్‌నగర్‌లో తెల్లవారేసరికే రామచంద్రం బస్సు కడిగి, బొట్లు పెట్టి, ముందర నిమ్మకాయలు కట్టి సిద్ధంగా ఉంచాడు. సర్కారు బస్సులు ఇంకా ఆ దారి ఎరగని రోజులవి. భజన సంఘాన్ని బెజవాడ తీసుకెళ్ళాలి, ఏకాదశి భజన అయ్యాక మళ్ళీ తెచ్చి ఊళ్ళో దింపాలి. అంతకు మించి పని లేదు. అయినా రామచంద్రం మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు సీట్లో అతని భార్య అమృతమ్మ అప్పటికే వచ్చి కూర్చుంది మరి.

కోదాడ దాటి, నిజాం సర్కారు సుంకం నాకా కూడా దాటి ఇంగ్లీషు ఇలాకాలో అడుగు పెడితే, ఆ దారి మొత్తానికి ఒక్కటే పెట్రోలు బంకు. కిందటి రెండు సార్లూ రామచంద్రం అక్కడ కళ్ళారా చూసి మరీ టాంకీకి సరిపడా పోయించుకున్నాడు. రెండు సార్లూ తిరుగు దారిలో బస్సు చతికిలబడింది. రెండు సార్లూ అమృతమ్మ అన్న కృష్ణయ్య ఎడ్లు కట్టి, బస్సును అంగడి బజారు మీదుగా ఇంటికి గుంజుకొచ్చాడు. బజారు తగలకుండా వేరే దారి ఉంది. కృష్ణయ్యకు ఆ దారి కనపడలేదు.

"ఈపారి గూడ ఎడ్లు గుంజుకొస్తె బస్సు మా అన్నకే ఇచ్చేద్దాం. ఇంజను పీకి నీళ్ళు తోడ బాయి మీద పెట్టుకుంటడట," అంది అమృతమ్మ.

"నా పానం పీకి పెట్టుకొమ్మను. బస్సు మాత్రం ఇయ్య!"

"గట్లయితె మోసపోకుండ రా. నేను చూస్త కద."

బస్సంటే రామచంద్రానికి ప్రాణం. పొలం అమ్మి కొన్నాడు. పెళ్ళిలో కూడా అంత సిగ్గుపడలేదు గాని, మొదటిసారి దాని చక్రం పట్టుకున్నప్పుడు సిగ్గుపడ్డాడు. అందుకే ఈసారి కనపడ్డవాళ్ళనల్లా సలహా అడిగాడు. మనం నిజాం ఇలాకా వాళ్ళమని తెలిస్తేనే వాళ్ళు ముంచుతారని అందరూ ఒకే మాటగా చెప్పారు. అతను భజన సంఘం పెద్ద పెద్దులును పక్కకు పిలిచాడు. పెద్దులు గొంతెత్తితే పక్క ఊళ్ళో పశువులు తల తిప్పి చూస్తాయి.

"మామా, బంకు కాడ ఎవ్వలు నోరిప్పొద్దు. మన మాట ఇంటె చాలు, దోస్కుంటరు."

"గోవిందా అని గూడ అనొద్దా?"

"అసలే అనొద్దు."

సలహా బాగానే ఉంది. బస్సు వెనకాల నిజాం ఇలాకా నంబరు గుమ్మడికాయంత అక్షరాలతో ఉందన్న సంగతి మాత్రం సలహా చెప్పిన వాళ్ళకూ తట్టలేదు, విన్న వాడికీ తట్టలేదు.

బంకు ఒక ఏటవాలు మీద ఉంది. రామచంద్రం బస్సును పంపుకు కాస్త ఎగువన ఆపి, బ్రేకును నమ్మలేక చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. బంకు నడిపే రఘుపతి నవ్వుతూ ఎదురొచ్చాడు. బస్సులోకి తొంగి చూసేసరికి ఆ నవ్వు కాస్తా పోయింది. లోపల బస్సు నిండా జనం. అందరికీ నామాలు, మెడలో తులసి పూసలు, ఒళ్ళో తాళాలు. ఒక్కరి నోట మాట లేదు.

"ఎవరు పోయారండీ?" అని మెల్లగా అడిగాడు.

పెద్దులు నోరు తెరవబోయి, రామచంద్రాన్ని చూసి మూసుకుని, చెమట పట్టిన మొహాన్ని పైపంచెతో తుడుచుకున్నాడు. రఘుపతి అది ఏడుపే అనుకున్నాడు. పక్కనే ఉన్న కాఫీ హోటలుకు వెళ్ళి, బస్సులో శవం ఉందనీ, పాపం పెద్దాయన కళ్ళనీళ్ళు ఆపుకోలేకపోతున్నాడనీ చెప్పి వచ్చాడు. కాఫీ తాగేవాళ్ళు గ్లాసులు దించి లేచి నిలబడ్డారు. సానుభూతి సానుభూతే, వ్యాపారం వ్యాపారమే కాబట్టి రఘుపతి వచ్చి పంపు పట్టుకున్నాడు.

పంపు నెత్తిన రెండు గాజు కుప్పెలున్నాయి. చేత్తో మీట ఆడిస్తే ఒకటి గీత దాకా నిండుతుంది. నిండింది చూపించి కిందికి వదిలితే, రబ్బరు గొట్టంలోంచి టాంకీలోకి పోతుంది. ఈలోగా రెండోది నిండుతుంది. రామచంద్రం రెప్ప వెయ్యకుండా కుప్పెలనే చూశాడు. గీతకు వెంట్రుకవాసి తగ్గలేదు. అంతా అయ్యాక టాంకీలో కట్టె ముంచి తీశాడు. కట్టె సగం కూడా తడవలేదు. కట్టెను రఘుపతి ముందు పట్టుకుని నిలబడ్డాడు గాని, తను పెట్టిన నియమం తనే తప్పలేక మాట్లాడలేదు.

"అదాండీ! బండి ఏటవాలున ఉంది కదండీ. పెట్రోలంతా ఓ మూలకి చేరిపోయుంటుంది," అన్నాడు రఘుపతి తడుముకోకుండా.

అమృతమ్మ బస్సు దిగింది. పెళ్ళైన నాటి నుంచీ ఇంట్లో వడ్లు కొలిచేది ఆమే. ఆమె కొలిపించుకున్న గోనె బస్తాలో ఎలుక దూరే సందు కూడా మిగలదని కళ్ళంలో చెప్పుకుంటారు.

"మూలకు చేరిందా? గంతేనా? బస్తల వడ్లు ఒక దిక్కుకు చేరితె ఏం చేస్తం? పట్టి కుదుపుతం. కుదిపితె సర్దుకుంటది, ఇంక గంత జాగా అయితది. మామా, అందరిని దిగుమను. బస్సును కుదుపుండ్రి!"

ఇంత తెలంగాణ మాట విన్నాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. రామచంద్రం ఏదో చెప్పబోయాడు గాని అప్పటికే భజన సంఘం బస్సును చుట్టుముట్టింది. సరిహద్దు నుంచీ నోరు బిగబట్టుకున్న పెద్దులు ఇక ఆగలేకపోయాడు.

"గోవిందా!" అని ఒక్క కేక పెట్టాడు.

"గోవిందా! గోవిందా!" అంటూ అందరూ బస్సును అటూ ఇటూ ఊపారు.

కాఫీ హోటల్లో నిలబడ్డవాళ్ళకు ప్రహరీ మీదుగా బస్సు టాపు ఒక్కటే కనిపించింది. శవమున్న బస్సు దానంతట అది ఊగుతోంది. "లేచిందిరోయ్!" అని ఎవడో అరిచాడు. పిరికివాళ్ళు పొలాల్లోకి పరుగెత్తారు. ధైర్యవంతులు చూడ్డానికి బంకు మీదికి పరుగెత్తుకొచ్చారు. ఇంగ్లీషు ఇలాకాలో ధైర్యవంతులు చాలామందే ఉన్నట్టుంది, బంకు చుట్టూ సందు లేకుండా పోయింది.

"ఆపండమ్మా, ఆపండి! పెట్రోలు నిండిందండీ, సర్దుకుందండీ!" అని రఘుపతి మొత్తుకుంటున్నాడు.

"ఇంక జర కుదుపుండ్రి!" అంది అమృతమ్మ.

ఆ 'ఇంక జర'కు చక్రాల కింది రాళ్ళు ఎగిరి పక్కకు పడ్డాయి. బస్సు తాపీగా వెనక్కి కదిలింది. రామచంద్రం "నా బస్సూ!" అని పెద్దగా ఏడుస్తూ దానికి అడ్డం పడబోతే పెద్దులు నడుం పట్టి వెనక్కి లాగాడు. బస్సు మూడు బారలు జారి, పంపు చుట్టూ కట్టిన చెక్కల గూటిని వెనక మూలతో గుద్ది, అక్కడే ఆగింది. చెక్కలు ఫెళ్ళున ఊడాయి.

అందరూ వంగి చూశారు. కుప్పెల్లోంచి దిగే పెట్రోలు రబ్బరు గొట్టానికి చేరకముందే, పక్కకు ఒక సన్నటి గొట్టం చీలి ఉంది. దాని కింద పెద్ద డబ్బా. డబ్బా అంచుదాకా పెట్రోలు. పైన కొలత అక్షరాలా సరైనదే. సగం బస్సులోకి, సగం డబ్బాలోకి పోయే ఏర్పాటు అది.

"అదీ... కారిపోతుందేమోనని పెట్టానండీ," అన్నాడు రఘుపతి.

"కారకుండ పట్టి దాసినవా? మంచి పని చేసినవ్ కొడుకా. ఇగ గా డబ్బ మా బస్సుల పొయ్యి," అంది అమృతమ్మ.

అప్పటిదాకా శవం కోసం కిటికీల్లోంచి వెతుకుతున్న, ఆ ఇంగ్లీషు ఇలాకాకే చెందిన నందిగామ లారీ డ్రైవరొకడు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఏరా! ఆరు నెలల్నుంచీ నా బండికి రోగమొచ్చిందని ఇంజను విప్పించుకుంటున్నాను కదరా! తాయెత్తు కూడా కట్టించాను కదరా!" అని రఘుపతి చొక్కా పట్టుకున్నాడు. మోసానికి ఇలాకాల తేడా లేదని అప్పుడు తెలిసింది రామచంద్రానికి. ప్రాణం లేచొచ్చినట్టయింది.

అంతమంది చూస్తుండగా డబ్బాలోదంతా టాంకీలో పడింది. కిందటి రెండు ప్రయాణాల బాకీ కూడా పొయ్యమంది అమృతమ్మ. లారీ డ్రైవరు వంత పాడాడు. సన్నటి గొట్టాన్ని పీకించి, దగ్గరుండి ఆ బెజ్జానికి చెక్క బిరడా కొట్టించి, అప్పుడు పోయించారు. ఈసారి కట్టె ముంచితే పట్టుకున్న వేళ్ళు కూడా తడిశాయి. "జై గోవిందా!" అన్నాడు పెద్దులు. అటూ ఇటూ జనం కలిసి అందుకున్నారు.

ఏకాదశి భజన దివ్యంగా జరిగింది. తిరుగు దారిలో బస్సు ఎక్కడా దగ్గనైనా లేదు. అంగడి బజారు రాగానే అమృతమ్మ "జర మెల్లగ పోనియ్యి, అందరు చూడాలె," అంది. రామచంద్రం ఆ బజారును మొదటిసారి తల ఎత్తుకుని, హారను మోగిస్తూ దాటాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు.

"చూసినవా? కుదిపితెనె సర్దుకున్నది. బస్సు అమ్ముడేం లేదు. ఇగనించి పెట్రోలుకు నేనే వస్త," అంది అమృతమ్మ.

పెట్రోలు వడ్లు కాదనీ, కుదిపినా మూలలకు సర్దుకునేది ఏమీ ఉండదనీ రామచంద్రం ఆమెకు ఇప్పటిదాకా చెప్పలేదు. బస్సు ఇప్పటికీ అతని పేరు మీదే ఉంది.