ఐదు తరాల బోర్డు

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. టీ తాగి, మాస్టారు ఇస్త్రీ కోటు తొడుక్కుని, దారిలో మేనత్తను ఎక్కించుకుని, కార్డుల ఆఫీసులో నాలుగు ముక్కలు మాట్లాడి, మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి బ్యాండువాళ్ళ యూనిఫారాలు ముగించాలి. మాస్టారంటే బడి మాస్టారు కాదు, టైలరు మాస్టారు. ఆయన భార్య కొట్లో ఓ మూల కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతుంది కాబట్టి వీధంతా ఆమెను కాజాలమ్మ అనే పిలుస్తుంది.

ఈ వీధివాళ్ళంతా ఎప్పుడో ఇండియా నుంచి ఓడలెక్కి ఈ పరాయి దేశం వచ్చినవాళ్ళ సంతతి. ఆఫీసులో ఇచ్చేది ఇండియా సర్కారువారి ఓసీఐ కార్డు. మన పెద్దలు ఇండియావాళ్ళని తేలితే ఇస్తారు. అది ఉంటే వీసా గొడవ లేకుండా అక్కడ ఎన్నాళ్ళయినా ఉండొచ్చు. కార్డు కోరిక కాజాలమ్మది. కూతురు చదువుకని ఇండియా వెళ్ళి, అక్కడే ఉద్యోగం చూసుకుని, అక్కడే పెళ్ళి చేసుకుంది. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. కిందటిసారి కూతురు జ్వరంతో మూలుగుతుంటే వీసా గడువైపోయి, తడిగుడ్డ అల్లుడి చేతిలో పెట్టి విమానం ఎక్కాల్సి వచ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే ఉంది. ఈసారి పుట్టబోయే బిడ్డ బోర్లా పడి, పాకి, గోడ పట్టుకుని నిలబడేదాకా అక్కడి నుంచి కదిలేది లేదని ఒట్టు పెట్టుకుంది.

అర్జీ పని మాత్రం మాస్టారు తన నెత్తిన వేసుకున్నారు. వంశం ఎంత పాతదైతే హక్కు అంత గట్టిదని ఆయన నమ్మకం. "మీవాళ్ళు నిన్నగాక మొన్న ఓడ దిగారు. వాళ్ళ ఊసెత్తకు. నా భార్యవి కాబట్టి నీకూ వస్తుందిలే" అని అభయమిచ్చారు. పెళ్ళయిన నాటి నుంచీ వింటున్న పాటే కనుక కాజాలమ్మ ఊ కొట్టింది. వంశానికి రుజువుగా మాస్టారు కొట్టు ముందు మీసం మెలేసి నిలబడి ఫొటో తీయించుకుని అర్జీకి జతచేశారు. వెనక బోర్డు మీద అరచేయంత అక్షరాలతో 'ఐదు తరాల నమ్మకం' అని ఉంది.

నిజానికి అవి నాలుగే అని మాస్టారికి తెలుసు, కాజాలమ్మకూ తెలుసు. ఎదురు కొట్టు టైలరు 'నాలుగు తరాల' బోర్డు కట్టిన మర్నాడే ఈయన ఒక తరం పెంచి రాయించారు. లేని ఆ ముత్తాత తండ్రికి కొట్టుకొచ్చిన ప్రతివాడి దగ్గరా ఓ కొత్త గుణం అంటగట్టి, చివరికి ఆయన కళ్ళు మూసుకుని కోటు కత్తిరించేవాడనేదాకా వచ్చారు.

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టేలోపే ఎదురు కొట్టు టైలరు శుభం పలకడానికి వచ్చాడు. అతనికి కిందటి నెలే కార్డు వచ్చింది. "అన్నయ్యా, ఒక్క మాట. వాళ్ళు ముత్తాత దాకానే లెక్కేస్తారు. ఇండియా నుంచి వచ్చింది ఆ పైవాడైతే ఇవ్వరంట. మాది నాలుగే కాబట్టి బతికిపోయాం. మరి మీరు..." అని బోర్డు వైపు చూసి, జాలిగా తలూపి వెళ్ళిపోయాడు.

 మాస్టారు వెంటనే నిచ్చెన వేసి, లైనింగు గుడ్డ ముక్క కత్తిరించి, 'ఐదు' మీద అంటించారు. దాని మీద 'నాలుగు' అని రాసి మళ్ళీ ఫొటో తీయించి పట్టుకుపోదామని ఆలోచన. రంగు డబ్బా కోసం కిందికి దిగేసరికి పాలాయన నిలబడి ఉన్నాడు. కొట్టు మూసేస్తున్నారా అని అడిగాడు. అసలు సంగతి చెప్పలేక మాస్టారు నీళ్ళు నమిలారు. పాలాయన దాన్ని అవునని తీసుకుని ఇంటింటికీ పాలతోపాటు పోసి వెళ్ళాడు.

ఇక చూడాలి. జాకెట్లు ఇచ్చినవాళ్ళు జాకెట్ల కోసం వచ్చారు. ఒకాయన ఒక కాలే కుట్టిన ప్యాంటు లాక్కుని పోయాడు. బ్యాండువాళ్ళు డోలుతో సహా వచ్చి గుమ్మం దగ్గర బైఠాయించారు. కొట్టు ఇంటాయన అద్దె సంగతి పక్కన పెట్టి మాస్టారి ఆరోగ్యం అడిగాడు. ఎదురు కొట్టు టైలరు కుట్టు మిషన్లు తనకే ఇమ్మని మెల్లగా కదిపాడు. మాస్టారు అందరికీ ఒక్కో అబద్ధం చెబుతూ నిచ్చెన ఎక్కుతూ దిగుతూ ఉంటే, కోటు భుజం మీద తెల్ల రంగు ఒలికింది. కాజాలమ్మ ఆయన్ని రెక్క పట్టుకుని టాక్సీలోకి తోసింది. 'నాలుగు'లో 'నా' ఒక్కటే పూర్తయింది.

మేనత్త మాస్టారి తండ్రికి అక్కగారు. ఆమెను ఎక్కించుకున్నాక మాస్టారు దారంతా నూరిపోశారు. "అత్తా, ముత్తాతే ఓడ దిగాడని ఒక్క ముక్క చెప్పు చాలు." ఆవిడ ఔననలేదు, కాదనలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఆఫీసరమ్మ నిదానస్తురాలు. కాగితాలన్నీ తిరగేసి ఫొటో దగ్గర ఆగింది. అర్జీలో ముత్తాత వచ్చాడని ఉంది, బోర్డేమో ఐదు తరాలంటోంది, ఏది నమ్మాలని అడిగింది.  కూతురి మొహం, ఎదురు కొట్టువాడి మొహం ఒకేసారి మాస్టారి కళ్ళముందు ఆడి ఉంటాయి. కూతురే గెలిచింది.

"బోర్డు అబద్ధమండీ. వ్యాపారం కోసం నేనే ఓ తరం కల్పించాను" అన్నారు తల దించుకుని.

ఆ మనిషి నోట అలాంటి మాట కాజాలమ్మ ఎన్నడూ వినలేదు. మొగుడి మీద ఆమెకు ప్రేమ పొంగుకొచ్చింది. సరిగ్గా అప్పుడే మేనత్త కర్ర నేలకు తాటించింది.

"ఎవర్రా అబద్ధం? మా తాత, అంటే నీ ముత్తాత, ఇక్కడే పుట్టాడు. కత్తెర చంకన పెట్టుకుని ఓడ దిగింది ఆయన నాన్న. మా ఇంటి పెద్దాయన్ని కల్పించానంటావా, అదీ నలుగురిలో?"

 మాస్టారు జీవితంలో ఆడిన అతి పెద్ద అబద్ధం అక్షరాలా నిజమై కూర్చుంది. తెలియకుండా ఇన్నేళ్ళూ నిజాయితీగా బతికినందుకు ఇప్పుడు కార్డు పోయింది. ఆఫీసరమ్మ అర్జీ మూసేసి, ముత్తాత ఇక్కడే పుడితే ఆయన తండ్రి లెక్కలోకి రాడని, చేయగలిగిందేమీ లేదని చెప్పింది.

కాజాలమ్మకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. జ్వరంతో ఉన్న పిల్ల, తడిగుడ్డ, విమానం, అన్నీ మళ్ళీ మొదలయ్యాయి. ఆఫీసరమ్మ మంచినీళ్ళిచ్చి, ఊరడించే మాట దొరక్క మరో మాట అడిగింది. "మరి మీ పుట్టింటివాళ్ళు?"

"మేం నిన్నగాక మొన్న దిగినవాళ్ళమండీ" అంది కాజాలమ్మ ముక్కు తుడుచుకుంటూ, అలవాటు కొద్దీ సిగ్గుపడుతూ. "మా అమ్మమ్మ ఇండియాలోనే పుట్టింది. మా అమ్మని చంకనేసుకుని ఇక్కడికొచ్చింది. ఆవిడ పాస్‌పోర్టు ఇప్పటికీ మా అన్నయ్య ఇంట్లో ఉంది."

ఆఫీసరమ్మ చేతిలో కలం ఆగింది. "ఈ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా?"

"నన్నెవరూ అడగలేదండీ."

కొత్త అర్జీ కాగితం బల్ల మీదికి వచ్చింది. అర్జీదారు ఆమె. రుజువులన్నీ చూపించి ఆమెకు కార్డు వచ్చాక, దాని ఆధారంగా భర్త కూడా అర్జీ పెట్టుకోవచ్చని ఆఫీసరమ్మ చెప్పింది. మాస్టారు గొంతు సవరించుకుని ఏదో అనబోయారు. మేనత్త కర్ర వైపు చూసి మానుకున్నారు. కాజాలమ్మ మాత్రం తన అమ్మమ్మ పేరు గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి, గదంతా వినేలా చెప్పింది. ఆ పేరు అంత దర్జాగా పలకడం ఆమెకు అదే మొదలు.

వీధిలోకి వచ్చేసరికి జనం ఇంకా కొట్టు ముందే ఉన్నారు. కాజాలమ్మ నేరుగా నిచ్చెన ఎక్కి గుడ్డ ముక్క పీకి పారేసింది. "కొట్టు మూయట్లేదు. ఐదు తరాలూ నిజమే, మేనత్తగారు సాక్ష్యం. ఎవరి గుడ్డలు వాళ్ళు తెచ్చివ్వండి" అంది పైనుంచే. బ్యాండువాళ్ళు ఊరికే ఉండలేక డోలు వాయించారు. ఒక కాలి ప్యాంటాయన రెండో కాలు కోసం వరసలో నిలబడ్డాడు. ఎదురు కొట్టు టైలరు తలుపు దగ్గరగా వేసుకున్నాడు.

కార్డు కానుపుకు ముందే వచ్చింది. మనవరాలు బోర్లా పడింది, పాకింది, గోడ పట్టుకుని నిలబడింది. కాజాలమ్మ అన్నీ కళ్ళారా చూసింది. మాస్టారు తన కార్డు కూడా వచ్చాక అక్కడికి వెళ్ళి, ఇక బయల్దేరదామా అని అడిగితే, పరుగెత్తడం కూడా చూసి వస్తానంది.

ఐదు తరాల చరిత్ర ఉన్న మాస్టారు ఇప్పుడు ఇండియాలో కాజాలమ్మ మొగుడిగా చెల్లుబాటు అవుతున్నారు.