ఫాస్ట్ బౌలర్ భుజానికి శాలువా వైద్యం

ఫాస్ట్ బౌలర్ భుజం నొప్పికి సన్మానాన్ని మించిన మందు లేదు! నవ్వకండి. పొద్దున్నే దేవుడి పటం ముందు దీపం పెట్టి వచ్చి రాస్తున్న మాట ఇది.

సుష్మ మీకు తెలుసు కదా? తెలియకపోతే అది మీ తప్పు. మా ఊరు పెద్దపంజాణి పిల్ల. ఎనిమిదేళ్లుగా దేశం తరఫున ఫాస్ట్ బౌలింగ్ చేస్తూ ఉంది. మొన్న కుడి భుజంలో కండరం దెబ్బతింది. "నెల రోజులు ఆ చెయ్యి పైకి లేపకూడదు. తర్వాత ఫిట్‌నెస్ టెస్ట్. అది తప్పితే విదేశీ టూర్ మరిచిపో" అని చెప్పి పంపాడు డాక్టరు. ముప్పై దాటిన ఫాస్ట్ బౌలర్‌కి ఒక టూర్ పోతే మళ్లీ ఎవరు పిలుస్తారు?

పాపం, విశ్రాంతికని ఊరికి వచ్చింది. విశ్రాంతంటే ఏమిటి? పడుకుని ఇంటి కప్పు చూడటమా? మనిషి తుప్పు పట్టిపోదూ! అందుకే మేము ఒక సన్మాన కమిటీ వేశాం. దానికి అధ్యక్షుడిగా నేను వద్దని ఎవరూ అనలేదు, ముఖ్యంగా నేను.

మదనపల్లెలో బట్టల షాపు ఓపెనింగ్‌తో వైద్యం మొదలైంది. పుంగనూరులో మూడు స్కూళ్లు, ఒక కల్యాణమండపం. కుప్పంలో గ్రానైట్ వ్యాపారులు నలభై కేజీల రాతి బంతి చేయించి చేతికిచ్చారు. భుజం నొప్పి ఉన్న మనిషికి ఇంతకంటే తగిన కానుక ఉందా? ఇరవై రెండు రోజుల్లో పంతొమ్మిది సన్మానాలు, ముప్పై నాలుగు శాలువాలు. ఈ ఎండల్లో వేడి కాపడం పూర్తిగా ఉచితం!

ప్రతి చోటా చివరికి ఒకటే కోరిక.

"ఒక్క ఫోటోమ్మా! బాల్ ఏసేటప్పుడు ఎత్తుతావే, అట్ల చెయ్యెత్తి నిలబడు!"

ఎత్తింది. పంతొమ్మిది చోట్లా నవ్వుతూ ఎత్తింది. పుంగనూరు ఫోటోగ్రాఫర్ చెంగల్రాయుడు "ఇంకొంచెం పైకి తల్లీ, ఫ్యాన్ తగల్దులే" అంటే ఇంకొంచెం పైకెత్తింది. ఆ ఫోటోనే పదహారు అడుగుల ఫ్లెక్సీగా మా బస్టాండులో కట్టాం. కింద చేతులు జోడించుకుని నేను.

నెల తిరిగింది. సుష్మ టెస్ట్ పాసైంది! డాక్టరే ఆశ్చర్యపోయాడట. మరి మా వైద్యమంటే ఏమనుకున్నారు?

ఆ ఘనత మీకు చెబుదామని కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. నా భార్య సరస్వతమ్మ కాఫీ తెచ్చి, పక్కనున్న పేపర్లో ఫోటో చూసింది.

"ఏమండీ, ఈ పాప కుడిచేత్తో కదా బాల్ ఏసేది?"

"అవును. ఐతే?"

"ఈడ ఎడం చెయ్యి ఎత్తుకోని ఉండాదే!"

"నీకెట్ల తెలుసే ఏ చేత్తో వేస్తుందో?"

"మ్యాచ్ సూస్తే తెలుస్తుంది" అని లోపలికి వెళ్లిపోయింది.

పంతొమ్మిది ఫోటోలూ ముందరేసుకుని చూశాను. అన్నింట్లోనూ ఎడమ చెయ్యే! ప్రసాదానికి ఎడమ చెయ్యి చాపిన పిల్లల్ని గుళ్లోనే మందలించేవాణ్ణి నేను. అన్ని స్టేజీల మీద ఆమె పక్కనే నిలబడి ఏం చూసినట్టు? "సుష్మ ఆడిన ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు" అని మైకులో గొంతు చించుకున్నదీ నేనే.

ఉక్రోషం ఆగక ఫోన్ చేశాను. "ఏమ్మా, ఇది మోసం కాదా?"

పకపకా నవ్వింది. "మోసమే పెద్నాయనా. మదనపల్లెలో దొరికిపోతానేమోనని భయపడతానే ఎత్తినా. పుంగనూరులో 'అది కాదమ్మా నీ చెయ్యి' అని ఎవురైనా అంటారేమోనని సూసినా. కుప్పంలో ఐతే, ఎవురైనా ఒక్కరు అంటే బాగుండునని సూసినా. అనింటే కుడిచెయ్యే ఎత్తేసేదాన్ని, నొప్పొస్తే రానీలే అని."

ముందరున్న ఫోటోలన్నీ గబగబా బోర్లా తిప్పేశాను.

"సరేలే పెద్నాయనా. శనివారం మ్యాచ్ ఉండాది. సూస్తావా?"

ఎలా చూడను, మీరే చెప్పండి! సరిగ్గా ఆ వేళకే మా కమిటీ మీటింగ్. టెస్ట్ పాసైనందుకు సుష్మకి ఇరవయ్యో సన్మానం ఎక్కడ చెయ్యాలో తేల్చాలి కదా!