గాలిలో నిలబడ్డ విడిభాగాలు

నిట్టనిలువుగా లేచి దిగే జంప్ జెట్ యుద్ధవిమానాల ఆధునికీకరణ పూర్తయిన రోజునే వాటిని సర్వీసు నుంచి తప్పించడం బ్రిటన్ పొదుపు చరిత్రలో గొప్ప ముందడుగని రక్షణశాఖ సహాయమంత్రి క్రిస్పిన్ హాలోబీ ప్రకటించారు. లింకన్‌షైర్ వైమానిక స్థావరంలో రెండు వేడుకలకూ కలిపి ఒకే టెంటు వేయించారు. సాసేజ్ రోల్స్ కూడా ఒక్కసారే పంచారు. ఇంతటి ముందుచూపు ఎంతమందికి ఉంటుంది!

స్క్వాడ్రన్ లీడర్ ఇమోజెన్ పార్‌కు మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఏళ్ల తరబడి తను నడిపిన విమానం. కొత్త ఇంజను, కొత్త కంప్యూటర్లతో పెళ్లికూతురిలా ముస్తాబైంది. ఈ ముస్తాబులో దాని తొలి విహారమూ ఇవాళే, ఆఖరిదీ ఇవాళే. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే అది అట్లాంటిక్ అవతలివాళ్ల సొత్తు. వాళ్లు కొన్నది విమానంగా కాదు, విడిభాగాలుగా.

మంత్రిగారి ప్రసంగం సాగీ సాగీ ఆమె ఎగరడం ఆలస్యమైంది. ఒక చుట్టు తిరిగొచ్చి, దిగబోతూ నేలకు తాటిచెట్టెత్తున గాలిలో నిలిచేసరికి పన్నెండు కొట్టింది.

"మేడమ్, దిగకండి!" అన్నాడు కంట్రోల్ టవర్లోంచి రేడియోలో సార్జెంట్ బ్రామ్‌వెల్.

"ఏమైంది?"

"ఇక్కడ విమానాలే దిగాలండీ. మీరిప్పుడు విడిభాగాలు."

"విడిభాగాలు ఎలా రావాలయ్యా మరి?"

"లారీలో అండీ."

ఇలా గాలిలో నిలబడితే ఇంధనం ఇట్టే అయిపోతుంది.

"మంత్రిగారిని అడుగు బాబూ!"

"అడిగానండీ. కమిటీ వేద్దామంటున్నారు."

"ఇంధనం అయిపోతే నేను పడేది సరిగ్గా ఆయన టెంటు మీదేనని చెప్పు."

మంత్రిగారి సమయస్ఫూర్తిని మెచ్చుకోవాలి. కమిటీని అప్పటికప్పుడే రద్దు చేసి, మానవతా దృక్పథంతో దిగనివ్వమన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన తల వంచి స్వీకరించారు.

విమానం దిగింది. ఇమోజెన్ పైమూత తెరిచి నిచ్చెన వేయమంది. నిచ్చెన రాలేదు. కొన్నవాళ్ల ప్రతినిధి వచ్చాడు. మర్యాదస్తుడు, టోపీ తీశాడు.

"కూర్చోండి మేడమ్. బేరం పన్నెండింటికే ముగిసింది కదా! అప్పుడు లోపల ఏముంటే అదంతా మాదే."

"ఏమిటీ అన్యాయం! సార్, మీరైనా చెప్పండి!" అని అరిచింది ఇమోజెన్.

మంత్రిగారు మండిపడ్డారు. అతన్ని పక్కకు తీసుకెళ్లి, చేతులు ఊపుతూ, బల్లలు గుద్దుతూ చాలాసేపు వాదించారు. చివరికి విజయగర్వంతో తిరిగొచ్చి, విమానం కింద నిలబడి చెయ్యి చాచారు.

"హెల్మెట్ మాత్రం మనదేనని ఒప్పించాను. ఇలా ఇవ్వమ్మా."