హైజంప్ తృతీయస్థాన విజయము

భానుడు క్రీడామైదానపు గ్యాలరీల మీదుగా పడమటికి జారుచున్న వేళ, గోడగడియారము మూడు కొట్టిన ఆ మహాముహూర్తమున, విశ్వవిద్యాలయ క్రీడావిభాగమున చెలరేగిన సంగ్రామమును చెప్పెద, చెవియొగ్గుడు.

రికార్డుల బోర్డు ముందు, నిచ్చెనపై, కుంచెధారియై పెయింటరు నిలిచియుండెను. ముప్పదియొక్క ఏండ్ల నాటి మహిళల హైజంప్ వరుసలో మొదటి పేరు కలదు, రెండవ పేరు కలదు, మూడవ గడి ఖాళీ. ఆనాటి కాగితము చూపనిదే పేరు వ్రాయరాదని ఆ విభాగపు కట్టుబాటు. నాలుగు గంటలకు అందొక అడ్డుగీత పడును. పడినచో మరల పదేండ్లకుగాని బోర్డునకు రంగు వేయరు.

ఆ మూడవ స్థానము తనదని జిమ్ము పక్కన టీకొట్టు నడుపు పిన్ని ఏండ్ల తరబడి చెప్పుచుండెను. విన్నప్పుడెల్ల కోడలు గ్లాసులు కడుగుచు కిసుక్కున నవ్వుచుండెను.

"అత్తయ్యా, మీరు దూకింది హాస్టల్ గోడేమో, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి," అనియె ఆనాడును.

అచట టీ త్రాగుచు అది విని, అటెండరు సైతము అడుగిడ జంకు బీరువారణ్యమున ఏకాకినియై సంచరించు ధీర, రికార్డుల గుమస్తా, చున్నీని ముక్కునకు కవచముగా బిగించి కదనమునకు కదలెను. తుప్పుపట్టిన ఇనుపబీరువా కిర్రుమని గర్జించెను. హైజంప్ కట్టను విప్పెను, లేదు. లాంగ్‌జంప్ కట్టను చెండాడెను, లేదు. ధూళి అక్షౌహిణులుగా లేచి నాసికాదుర్గమును ముట్టడింపగా, ఏడు తుమ్ములను వరుసగా ప్రయోగించి తరిమికొట్టెను. అంతలో మూడున్నర. పెయింటరు తెల్లరంగు కలుపసాగెను.

అప్పుడా వీరవనిత, ఏనాడో రిటైరైన డ్రిల్లు మాస్టారికి ఫోను చేసెను. ఆయన తొలుత తన మోకాళ్ళ చరిత్రను ఆద్యంతము వినిపించి, పిదప రహస్యము విప్పెను.

"ఈవెంటు చూసి కట్టలు కట్టేవాళ్ళం కాదమ్మా. ఎవరు రాసుకునే అట్ట మీద కాగితాలు వాళ్ళవి ఒక కట్ట, పై కాగితం పేరే కట్ట పేరు. ఆ రోజు నా అట్ట మీద పొద్దున మగపిల్లల డిస్కస్, మధ్యాహ్నం ఆడపిల్లల హైజంప్. డిస్కస్ కట్టలో చూడు."

చూచెను. పురుషుల డిస్కస్ కట్ట అట్టడుగున, వానచుక్కల మరకలతో, పెన్సిలు వ్రాతతో, పిన్ని పేరు! మూడవ స్థానము, ఒక మీటరు పద్దెనిమిది. దాని క్రింద కాగితము మేఘరహితాకాశమువలె ఖాళీ. గుమస్తాకు సంగతి తెలిసెను, అయినను కాగితమును బోర్డు వద్దకు కొనితెచ్చెను.

కోడలు తడిచేతులు తుడుచుకొనుచు వచ్చి, చదివి, వ్రేళ్ళపై లెక్కించెను.

"అత్తయ్యా, దూకిందే ముగ్గురు కదా?"

కుంచె గాలిలో ఆగెను.

"పదకొండు మంది పేర్లిచ్చాం," అనియె పిన్ని. "వానొచ్చింది. ఎనిమిది మంది రూముల్లోనే పడుకున్నారు. నేను వెళ్ళాను."

ఇది కూడ వ్రాయవలెనా యన్నట్లు పెయింటరు గుమస్తా వంక చూచెను. బోర్డున పేరునకు గడి కలదు, ఎత్తునకు గడి కలదు, ఎందరు దూకిరో తెలుపు గడి లేదు.

"మీరు రాయండి," అనియె గుమస్తా.

కోడలు నవ్వలేదు. రెండడుగులు ముందుకు వేసి, నిచ్చెన కదలకుండ గట్టిగా పట్టుకొనెను.

"కొంచెం పెద్దక్షరాలు వెయ్యండన్నా. మా కొట్టు దగ్గర్నుంచి కనపడాలి."

లోకములారా, ఆలకింపుడు! నాలుగు కొట్టుటకు రెండు నిమిషముల ముందు అడ్డుగీత పరాజయము పొందెను. ముగ్గురిలో మూడవది, అజేయయై, బోర్డునెక్కెను.