నల్ల అంచు హెచ్చరిక

విల్‌ఫ్రీదో బెరియో ఆ మంగళవారానికి వేసుకున్న పథకంలో చచ్చిపోవడం లేదు. ఎనిమిదింటికల్లా ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ పాత ఇంటికి చేరడం, కరెంటు ఆపి స్విచ్‌కి తాళం వేయడం, వైర్లన్నీ పరీక్షించి మూడింటికి బయటపడటం, ఇంటికొచ్చి కొబ్బరన్నంలో వేయించిన చేప నంజుకు తినడం. అంతే. ఏడేళ్ళుగా పుయెర్తో కాలాడో ఊళ్ళో కరెంటు తనిఖీలు చేస్తున్న మనిషికి ఇదేం పెద్ద పని కాదు.

ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. "ఇంకోసారి" అంటారు. ఏ తీగనీ ఒక్కసారి పరీక్షించి వదిలే రకం కాదతను. ముందు తన టెస్టర్ బాగుందో లేదో ఒక చిన్న బ్యాటరీ పెట్టె మీద చూసుకుంటాడు. తర్వాత తీగ మీద పెడతాడు. ఈలోపు టెస్టర్ చెడిపోలేదు కదా అని మళ్ళీ పెట్టె మీద చూస్తాడు. ఐదు నిమిషాలు పక్కకి వెళ్ళొస్తే అంతా మొదటినుంచి. దీన్ని ఊరు చాదస్తం అంటుంది. కానీ అతనికి పని నేర్పిన సాబాస్ తన చేతులతో ఆపిన లైను మీదే పోయాడు. ఆయన కిందికి దిగి కాఫీ తాగొచ్చేలోపు ఎవరో స్విచ్ వేశారు. ఆ రోజు నిచ్చెన పట్టుకుని నిలబడ్డది విల్‌ఫ్రీదోనే. ఆ సంగతి అతనెవరికీ చెప్పడు. జనం నవ్వుతుంటే తల వంచుకుని ఇంకోసారి పరీక్షిస్తాడు.

"ఆ కొంపకి వెళ్ళకపోతే ఏమయింది?" అంది భార్య నూరిస్, పొద్దున్నే కాఫీ చేతికిస్తూ. "ఆ ఇంటాయన దోన్ అబుందియో పోయి పదకొండేళ్ళయింది. ఊరంతటికీ కరెంటు పోయిన రోజున ఆ ఒక్క ఇంట్లో బల్బు వెలుగుతుంది. అది మనుషులు చేసే పనేనా?"

"అందుకే కదా తనిఖీ. సోమవారం దొన్యా తోమాసా అక్కడ చిన్నపిల్లల బడి తెరవాలి. నా సంతకం లేందే తలుపు తీయనివ్వరు."

"పోయినసారి తీగ పట్టుకున్న ఎలక్ట్రీషియను మళ్ళీ ఈ ఊరి మొహం చూళ్ళేదు."

"అతను పరీక్షించకుండా పట్టుకున్నాడు."

"అవునులే. నువ్వు పెళ్ళికి ముందు కూడా నన్ను మూడుసార్లు అడిగావు, ఇష్టమేనా అని."

"మూడోసారే కదా నిజం చెప్పావు," అన్నాడు విల్‌ఫ్రీదో. నూరిస్ తువ్వాలు తీసుకుని అతని వీపున ఒక్కటేసింది.

కథ అడ్డం తిరగడం తులియో అచ్చుకొట్టులో మొదలైంది. స్విచ్‌కి తాళం వేసిన చోట హెచ్చరిక కాగితం కట్టాలని నియమం. తాళం వేసినవాడి ఫోటో, పేరు, తేదీ అందులో ఉండి తీరాలి. ఆఫీసువాళ్ళిచ్చిన కాగితాలు అయిపోయాయి. కాగితం లేకుండా పని మొదలుపెట్టడం చట్టవిరుద్ధం. విల్‌ఫ్రీదో చట్టాన్ని పక్కింటి పెద్దమనిషిలా చూసే మనిషి. దాంతో తులియో దగ్గర ఒకటి అచ్చు వేయించాడు.

"అంచు ఇంత నల్లగా వేశావేంటి?"

"నా దగ్గరున్న అంచు అదొక్కటే సార్. ఈ ఊళ్ళో జనం చస్తే తప్ప అచ్చు వేయించరు కదా," అన్నాడు తులియో. అన్నది నిజమే. పుయెర్తో కాలాడోలో ఎవరు పోయినా ఫోటో, పేరు, తేదీతో నల్ల అంచు కాగితాలు స్తంభాలకి అంటిస్తారు. "అయినా 'ప్రమాదం, ముట్టుకోవద్దు' అని ఎర్రగా ఇంతింత అక్షరాలు కొట్టాను. అంచెవడు చూస్తాడు?"

విల్‌ఫ్రీదోకి ఆ మాట సబబుగానే తోచింది. ఆ పాత ఇంటికి చేరి, గేటు పక్క స్తంభానికున్న మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి, కాగితం కట్టి, ఒకే ఒక్క తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. దొన్యా తోమాసా ఎదురింటి అరుగు మీంచి దిగొచ్చి, అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది కానీ గేటు దాటి లోపల కాలు పెట్టలేదు. ముప్పై ఏళ్ళు పంతులమ్మగా చేసిన మనిషి. దయ్యాలంటే నమ్మకం లేదని అందరికీ చెబుతుంది, గేటు బయట నిలబడి.

అతను ఆవిడ చేతికి ఒక బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు. "పెళ్ళి ఉంగరం, వాచీ, మెళ్ళో మరియమ్మ బిళ్ళ, ఫోను. ఇవేవీ ఒంటి మీద ఉండకూడదండీ. మూడింటికి వచ్చి తీసుకుంటా."

"బతికుండగానే ఇలా ఒకరికి అప్పజెప్పేవాణ్ణి నిన్నే చూశాను నాయనా," అంది దొన్యా తోమాసా, డబ్బా రెండు చేతులా పుచ్చుకుని.

లోపల చీకటి. కిటికీ చెక్కలన్నీ బయటి నుంచి మేకులు కొట్టి ఉన్నాయి. గబ్బిలాల కంపు, తడి సున్నం వాసన. తలదీపం వెలుగులో గోడ మీద దోన్ అబుందియో ఫోటో కనిపించింది. విల్‌ఫ్రీదో ఎటు తిరిగినా ఆయన చూపు వెంటే వచ్చింది. ఇంటి వెనక గదిలో ఫ్యూజుల బోర్డు మూత విప్పాడు. గోడ పెళ్ళలు రాలి నెత్తి నుంచి గడ్డం దాకా సున్నం పడింది. టెస్టర్ పెట్టె మీద వెలిగింది, తీగ మీద వెలగలేదు, మళ్ళీ పెట్టె మీద వెలిగింది. కరెంటు లేదు. ఎవరైనా పొరపాటున వేసినా ప్రాణం మీదికి రాకుండా ఎర్త్ తీగ తగిలించి పని మొదలుపెట్టాడు. పదకొండింటికి వాన అందుకుంది. రేకుల కప్పు మీద ఆ చప్పుడుకి తన దగ్గు తనకే వినపడలేదు.

బయట జరిగింది విల్‌ఫ్రీదోకి సాయంత్రం గానీ తెలియలేదు. వింటున్నవాళ్ళు మాత్రం ఇప్పుడే తెలుసుకోవడం మంచిది. తులియో ఎర్ర రంగు చవక రంగు. పావుగంట వానకి 'ప్రమాదం' కారి మట్టిలో కలిసింది, 'ముట్టుకోవద్దు' దాని వెనకే పోయింది. మిగిలింది నల్ల అంచు, ఫోటో, పేరు, తేదీ. సరిగ్గా అప్పుడు రోబిన్సన్ అటు వచ్చాడు. మోటారుసైకిలుకి లౌడ్‌స్పీకర్ కట్టుకుని ఊళ్ళో చేపల ధరలూ చావు కబుర్లూ చాటడం అతని వృత్తి. నల్ల అంచు కాగితం ఎక్కడ కనపడ్డా చాటడం అతనికి అలవాటు. ఎలా పోయాడని అడగడం మర్యాద కాదని అతని నమ్మకం. అయినా ఆ ఇంటి ముందు అడగాల్సిన అవసరం ఏముంది?

"మన 'ఇంకోసారి', విల్‌ఫ్రీదో బెరియో, ఈ ఉదయం విధి నిర్వహణలో ప్రభువు సన్నిధి చేరారు!" అని వీధి వీధీ మోగిపోయింది.

దొన్యా తోమాసా వానలో పరుగెత్తుకొచ్చి గేటు పట్టుకుని "విల్‌ఫ్రీదో!" అని ఒక్క కేక పెట్టింది. రెండో కేకకి గొంతు పూడుకుపోయింది.

ఆ ఒక్క కేక లోపలికి వినపడింది. విల్‌ఫ్రీదో స్క్రూడ్రైవరు పట్టుకుని కొయ్యబారిపోయాడు. పాడుబడిన ఇంట్లో పిలుపు ఒక్కసారే వస్తే పలకకూడదని అతని అమ్మమ్మ చెప్పేది. పిలిచేది మనిషయితే మళ్ళీ పిలుస్తుంది, చచ్చినవాళ్ళు ఒక్కసారే పిలుస్తారని. ఇంకోసారి పిలిస్తే పలుకుదాం అని చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఇంకోసారి ఎవరూ పిలవలేదు.

దొన్యా తోమాసా బిస్కెట్ల డబ్బా తీసుకెళ్ళి నూరిస్ చేతిలో పెట్టింది. నూరిస్ మూత తీసింది. ఉంగరం, వాచీ, మరియమ్మ బిళ్ళ, ఫోను. చావు ఇంటికి వస్తువులు వచ్చేది అలాగే. పొయ్యి మీద కొబ్బరన్నం అలాగే వదిలేసి, చెప్పులు లేకుండా వానలోకి వెళ్ళిపోయింది.

లోపలికి వెళ్ళి చూస్తే పోయేది కదా అనిపిస్తుంది. కానీ అక్కడి చట్టం అలా ఒప్పుకోదు. ప్రమాదంలో పోయిన శవాన్ని పట్నం నుంచి అధికారి వచ్చి చూసి కాగితం రాసేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన జీపు వాగు అవతల ఇరుక్కుంది. నూరిస్ తలుపు వైపు దూకబోతే నలుగురు ఆడవాళ్ళు నడుం పట్టుకుని ఆపారు. ఆ ఇంటి పెరట్లోనే రేకుల పందిరి కింద కుర్చీలు వేశారు. కాఫీ కాచారు. జపమాల మొదలుపెట్టారు.

వాన కాస్త నెమ్మదించింది. కొలతలు తీయాలంటే ఎర్త్ తీగ విప్పక తప్పదు. విల్‌ఫ్రీదో దాన్ని అప్పుడే విప్పాడు. గోడల్లోంచి సన్నగా మూలుగు లాంటిది వినవచ్చింది. గాలి అనుకున్నాడు. గాలికి మాటలుండవు కదా.

"ప్రభువా, విల్‌ఫ్రీదోకి నిత్య విశ్రాంతి దయచేయుము..."

ఒంటి మీద వెంట్రుకలన్నీ లేచి నిలబడ్డాయి. తర్వాత కోపం వచ్చింది. ఇది రోబిన్సన్ ముఠా పనే. తనని హడలగొట్టి బయటికి ఉరికిస్తే ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వాలని. "పాడుకోండి రా, పాడుకోండి. గొంతులు పోయేదాకా పాడుకోండి," అని చీకట్లో పైకే అన్నాడు. రాగం మాత్రం ఆగలేదు. వేళాకోళానికి ఎవరూ అంతసేపు, అంత ఓపిగ్గా ప్రార్థన చేయరు.

అంతలో నూరిస్ ఏడుపు వినిపించింది. అచ్చం ఆమె గొంతే. నూరిస్ వేళాకోళానికి ఏడవదు.

విల్‌ఫ్రీదో నిజంగా భయపడింది అప్పుడు. పొద్దున ఏ తీగైనా ముట్టుకున్నానా? సాబాస్‌కి కూడా తాను పోయినట్టు వెంటనే తెలిసుండదేమో. ఇంకా నిచ్చెన మీదే ఉన్నాననుకుని, ఇప్పటికీ ఎక్కడో తీగలు బిగిస్తూనే ఉన్నాడేమో. వేలికేసి చూసుకున్నాడు. ఉంగరం లేదు. ఎందుకు లేదో గుర్తు తెచ్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. గోడ పట్టుకుందామని చేయి చాపాడు. చేతికందే దూరంలో ఉన్నది మూత విప్పిన బోర్డు. బోర్డులోని రాగి పట్టీకి బెత్తెడు దూరంలో వేళ్ళు ఆగాయి. ఆపింది భయం కాదు, అలవాటు. ఈ పట్టీని పొద్దున పరీక్షించాడు. మధ్యలో మనసు పక్కకి వెళ్ళొచ్చింది.

"ఇంకోసారి," అన్నాడు.

టెస్టర్ పెట్టె మీద పెట్టాడు. వెలిగింది. రాగి పట్టీ మీద పెట్టాడు.

బయట ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో, "నిత్యమైన వెలుగు అతని మీద ప్రకాశించుగాక" అన్నారు.

టెస్టర్ ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టె మీద పెట్టాడు, వెలిగింది. టెస్టర్ అబద్ధం చెప్పడం లేదు. చొక్కా జేబు తడుముకున్నాడు. ఒకే ఒక్క తాళంచెవి అక్కడే ఉంది. నడవా చివర మూసిన తలుపు కింద పసుప్పచ్చటి వెలుగు గీత కదలకుండా నిలబడి ఉంది. అబుందియో గారి గది అది.

ఎంతసేపు అలా చూశాడో అతనికి తెలియదు. చివరికి ప్రార్థన కింద ఇంకో చప్పుడుందని చెవి పట్టుకుంది. డబడబడబమని, దగ్గుతూ, తెలిసిన చప్పుడు. దయ్యాలకి డీజిలుతో పనేమిటి? విల్‌ఫ్రీదో రబ్బరు తొడుగులు వేసుకుని, పెరటి తలుపు తోసుకుని బయటికి వచ్చాడు.

నెత్తి నుంచి గడ్డం దాకా తెల్లటి సున్నం, నుదుటి మీద దీపం, భుజాల దాకా నల్లటి రబ్బరు తొడుగులు. జపమాల తెగి పూసలు దొర్లాయి. కాఫీ గిన్నె బోర్లా పడింది. ముప్పై మంది సంతాపం ఒక్కసారిగా గేటు వైపు పారిపోయింది. అందరికంటే ముందు దొన్యా తోమాసా ఉంది, దయ్యాలంటే నమ్మకం లేకుండానే.

ఎదురొచ్చింది నూరిస్ ఒక్కతే. దగ్గరికొచ్చి రబ్బరు తొడుగు లాగి పారేసి అతని మణికట్టు పట్టుకుంది. "వెచ్చగానే ఉంది," అంది. నమ్మకం కుదరలేదు. రెండో చేయి పట్టుకుంది. "ఇంకోసారి," అని మళ్ళీ మొదటి చేయి పట్టుకుని, అప్పుడు గొల్లుమంది. విల్‌ఫ్రీదో కూడా ఏడ్చాడు. సాబాస్ పోయిన రోజు రాని ఏడుపు అది, ఇన్నేళ్ళకి వచ్చింది. కానీ ఏడుస్తూనే చచ్చినవాడు అన్న మొదటి మాట ఇది:

"ముందు ఆ జనరేటర్ ఆపండి. పెట్టిందెవడు?"

గేటు చాటు నుంచి రోబిన్సన్ తల బయటికొచ్చింది. "నేనేనన్నా. చావింట్లో చీకటేంటని... దీపాలు వెలిగిద్దామని."

జనరేటర్ నుంచి వచ్చిన వైరుకి రెండు కొసలా ప్లగ్గులే. ఒక కొస జనరేటర్లో, రెండోది పెరటి గోడ సాకెట్లో. తాళం వేసింది వీధి నుంచి వచ్చే కరెంటుకి. ఇంట్లోంచే ఇంట్లోకి ఎక్కే కరెంటుకి తాళమెక్కడిది?

"ఇక్కడ గుచ్చితే పందిట్లో దీపం వెలుగుతుందని నీకెలా తెలుసురా?"

రోబిన్సన్ నేల చూపులు చూశాడు. "కరెంటు పోయిన రోజున ఇక్కడే కదన్నా డామినోలు ఆడుకునేది. దయ్యాల కొంప కదా, పెళ్ళాలు వెతుక్కుంటూ రారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండేళ్ళు."

ఊరొదిలి పారిపోయిన ఎలక్ట్రీషియనుకి కొట్టిన షాకు ఏమిటో, దోన్ అబుందియో ఏ రోజుల్లో మాత్రమే బల్బు వెలిగిస్తాడో అప్పుడు ఊరంతటికీ తెలిసింది. దొన్యా తోమాసా తన బెత్తం ఎక్కడుందో ఇంటికి మనిషిని పంపి కనుక్కుంది.

ఐదింటికి ఒళ్ళంతా బురదతో పట్నం అధికారి దిగాడు. "శవం ఎక్కడ?" అన్నాడు.

"కాఫీ తాగుతోంది," అంది నూరిస్, భర్త చేయి వదలకుండా.

ఆ రాత్రి ఊరు ఇచ్చిన కొబ్బరన్నం తిని, విల్‌ఫ్రీదో తనిఖీ నివేదిక నింపాడు. రెండు కొసల వైరును స్వాధీనం చేసుకున్నట్టు, పెరటి సాకెట్ తీసేస్తే బడి తెరవొచ్చునన్నట్టు రాశాడు. 'తాళం వేశాక కూడా కరెంటు ఎక్కడి నుంచి వచ్చింది' అన్న గడి దగ్గర కలం కాసేపు ఆగింది. నిజం తప్ప ఇంకోటి రాయడం చట్టవిరుద్ధం కాబట్టి, 'తనిఖీ అధికారి సంతాప సభ నుంచి' అని రాసి, ఇంకోసారి చదువుకుని సంతకం పెట్టాడు.