కళ్లాసుపత్రి వారి కొత్త వెబ్‌సైట్

రోగుల సౌకర్యార్థం మా ఊరి కళ్లాసుపత్రి వారు వెబ్‌సైట్ ప్రారంభించారు. అదే సౌకర్యార్థం చీటీలిచ్చే కిటికీ మూసి, మేకులు కొట్టించారు. "నేటి నుంచి మన ఆసుపత్రిలో క్యూ అనే మాటే వినపడదు!" అని డైరెక్టరుగారు ప్రసంగించారు. ఆయన అన్నట్టే జరిగింది.

మా వీధిలో బట్టలు కుట్టే ఆవిడ తల్లికి సరిగ్గా ఆ వారమే కన్ను ఎర్రబడి, చూపు మసకబారింది. ఆలస్యం చేస్తే కష్టమని మందుల షాపాయన చెప్పాడు. కూతురు మిషను పక్కకు నెట్టి, ఫోను పట్టుకుని కూర్చుంది.

ముందుగా డైరెక్టరుగారి ఫొటో నుదుటి దగ్గర మొదలై నెమ్మదిగా కిందికి దిగింది. గడ్డం కనిపించేలోగా ఆవిడ ఒక చొక్కాకి గుండీలన్నీ కుట్టేసింది. ఫొటో పూర్తికాగానే "మా సేవలు మీకు నచ్చాయా?" అంటూ ఒక డబ్బా అడ్డొచ్చింది. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత. వేలు కాస్త పక్కన పడితే కళ్లజోళ్ల ప్రకటన తెరుచుకుని పాట అందుకుంటుంది. తెల్లటి తెర మీద అక్షరాలు లేత బూడిదరంగులో ఉన్నాయి. కంటిజబ్బు లేనివాళ్లకు అవి చక్కగానే కనిపిస్తాయి.

దరఖాస్తులో ముప్పైనాలుగు గళ్లు. ఈమెయిలు తప్పనిసరి. తల్లికి లేదు కనుక ముందు అది పుట్టించాల్సి వచ్చింది. పుట్టిన సంవత్సరం కోసం డెబ్బైరెండేళ్లు వేలితో వెనక్కి లాక్కుంటూ వెళ్లింది. అంతా నింపి నొక్కితే "ఎక్కడో తప్పుంది" అని వచ్చి, గళ్లన్నీ ఖాళీ అయిపోయాయి. ఎక్కడో చెప్పడం మర్యాద కాదనుకున్నారు కాబోలు.

మూడోరోజుకి అన్నీ కుదిరాయి. ఇక తాను యంత్రం కాదని రుజువు చేసుకోవడానికి మసక బొమ్మల్లోంచి సైకిళ్లు ఏరాలి.

"అమ్మా, ఇందులో సైకిలుందా?"

"నాకిప్పుడు అన్నీ ఇలాగే కనిపిస్తున్నాయే తల్లీ. దానికీ చూపు పోతోందేమో, పాపం!"

కూతురు నవ్వలేదు. ఫోను మంచం మీద పడేసి, తల్లి చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి నడిచింది.

"సైటులో నమోదు చేశారా?" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్.

"మూడ్రోజుల్నించీ అదే పనన్నా. నువ్వే ఒక్కసారి మా అమ్మ కన్ను చూడు."

వాచ్‌మన్ చూశాడు, చూపు తిప్పుకున్నాడు. అటుగా పోతున్న నర్సు కూడా చూసింది. ఏమీ అడగకుండా పెద్దావిడ భుజం పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఇంకొక్క రోజు ఆగితే చూపు దక్కేది కాదన్నాడు డాక్టరు. అంతవరకూ గట్టిగా ఉన్న కూతురు, వరండాలో గోడకి ఆనుకుని అప్పుడు ఏడ్చింది.

నమోదు కాని కంటికి వైద్యం చేయించినందుకు నర్సుకు మెమో అందింది.

నెలాఖరున డైరెక్టరుగారు విలేకరులను పిలిచారు. వెబ్‌సైట్ వచ్చాక రోగుల సంఖ్య సగానికి తగ్గిందనీ, ఒక ఊళ్లో కంటిజబ్బులు ఇంత త్వరగా నయం కావడం వైద్యచరిత్రలోనే లేదనీ ప్రకటించారు. మర్నాడు ఆ వార్త పెద్దక్షరాల్లో వచ్చింది. మనమందరం చదివి సంతోషించాం. మన కళ్లకేం, నిక్షేపంగా ఉన్నాయి.