అలుగు వేషంలో కొండముచ్చు

ఒక పెద్ద అడవిలో నీళ్ళకి కరువొచ్చింది. మిగిలింది ఒక్క మడుగు. తోపులాట లేకుండా ఏనుగు అధ్యక్షులవారు ఒక పద్ధతి పెట్టారు. ఎవరి వంతు వస్తే వాళ్ళ పేరు పిలిచి ఎలుగుబంటి డప్పు కొడుతుంది. డప్పు ఆగేలోపు తాగి వచ్చెయ్యాలి.

ఈ పద్ధతి అందరికీ నచ్చింది, ఈదమ్మకి తప్ప.

ఈదమ్మ అలుగు. ఒళ్ళంతా పొలుసులు, నోట్లో పళ్ళుండవు, చీమలు తిని బతుకుతుంది. పెద్ద చప్పుడు వింటే ఒళ్ళు తన మాట వినదు, బంతిలా చుట్టుకుపోతుంది. డప్పు మోగగానే చుట్టుకునేది. ఆగాక విప్పుకునేది. అప్పటికి వంతు అయిపోయేది.

"అలుగు కదా, అలిగింది," అనేవాళ్ళు చూసినవాళ్ళు.

"అలగలేదండీ, దాహమేస్తోంది. డప్పు బదులు ఒక ఆకు ఊపితే చాలు," అని ఈదమ్మ మూడుసార్లు అర్జీ పెట్టుకుంది. మూడుసార్లూ అధ్యక్షులవారు "పరిశీలిస్తాం" అన్నారు.

ఆ రోజుల్లోనే అడవి టీవీ నడిపే నక్క కొత్త సీరియల్ మొదలుపెట్టింది. అటవీ బంగళా కిటికీలోంచి మనుషుల టీవీ చూసొచ్చే అలవాటుంది దానికి. అక్కడ ఆటిజం ఉన్న ఒక కుర్రాడి సీరియల్ చూసింది. ఆ కుర్రాడు ఎవరి మొహమూ చూడడు, ఏ తారీకు అడిగినా అది ఏ వారమో చెప్పేస్తాడు, చివరికి మరదలి ప్రేమతో అందరిలాగా అయిపోతాడు. బంగళా వంటామె కొంగు తడిసేలా ఏడ్చింది. నక్క ఆ కొంగు చూసి నిర్ణయించుకుంది.

సీరియల్ పేరు 'అలిగిన మనసు'. అలుగు వేషం కొండముచ్చుకిచ్చి, ఒంటినిండా పనసతొక్కలు జిగురుతో అంటించారు. కొండముచ్చు రోజుకోసారి ముడుచుకునేది. ఆకాశం వంక ఒక్క చూపు చూసి చుక్కల లెక్క చెప్పేది. నెమలి పాట పాడితే కన్నీళ్ళతో విప్పుకునేది. అడవంతా పనులు మానుకుని చూసింది.

ఈదమ్మా చూసింది, పెదనాన్న పక్కన కూర్చుని. మూడో భాగంలో కొండముచ్చు ఒంటరిగా కూర్చుని, గోళ్ళతో మట్టిని ఒకేచోట మెల్లగా గీకింది. మనసు బాగోనప్పుడు ఈదమ్మ చేసేది అచ్చంగా అదే. ఆ ఒక్కచోట ఆమె తెర దగ్గరికి జరిగింది. ఆ వెంటనే నెమలి వచ్చి పాడింది.

"ఏదైనా మంచికేలేమ్మా," అన్నాడు పెదనాన్న. "ఇదివరకు నన్ను పనసకాయనుకుని దొర్లించేవాళ్ళు. ఇప్పుడు అలుగని తెలిసి దొర్లిస్తున్నారు."

మర్నాడు మడుగు దగ్గర డప్పు మోగింది, ఈదమ్మ చుట్టుకుంది. చుట్టూ నలభై జంతువులు చేరి నెమలి పాట అందుకున్నాయి. డప్పు ఆగి ఆమె విప్పుకోగానే, తమ పాటకే విప్పుకుందని మురిసిపోయాయి. ఒక జింక ఆమె ముందు గుప్పెడు రేగిగింజలు పోసి, "ఎన్నున్నాయో చెప్పు తల్లీ," అంది.

"ఒక్కొక్కటే లెక్కపెట్టి చెప్పాలి," అంది ఈదమ్మ.

"అది మాకూ వచ్చు," అని జింక మొహం మాడ్చుకుంది.

ఈదమ్మ తిన్నగా నక్క దగ్గరికి వెళ్ళింది. "అలుగు ముడుచుకునేది డప్పు వల్లనని సీరియల్లో ఒక్క ముక్క చెప్పించండి."

"డప్పు ఆపితే లేస్తుందంటే సీరియల్ ఒక్క వారంలో అయిపోతుంది కదమ్మా," అంది నక్క. కానీ ఈమె ఊరుకునే రకం కాదని దానికి అర్థమైంది. నలుగురిలో ఈమె నోరు మూయించాలనుకుంది. "పోనీ ఒక పోటీ పెడదాం. 'నిజమైన అలుగు ఎవరు?' గెలిస్తే నువ్వు చెప్పిందే చూపిస్తాను."

"నువ్వు అలుగువని పోటీలో గెలవడమేంటే?" అన్నాడు పెదనాన్న.

"నీళ్ళ కోసం పెదనాన్నా," అంది ఈదమ్మ.

పోటీ నాడు కొండముచ్చు చుక్కల లెక్క చెప్పింది. తప్పో ఒప్పో ఎవరూ చూడలేదు. కన్నీళ్ళు కార్చింది. వేణువు ఊదగానే పువ్వులా ముడుచుకుంది.

ఈదమ్మ ముడుచుకోలేదు. "వేణువు బాగుంది కదా, ఎందుకు ముడుచుకోవాలి?" అంది.

"బొత్తిగా సహజత్వం లేదు," అన్నారు ప్రేక్షకులు. చేతులన్నీ కొండముచ్చుకే లేచాయి.

అధ్యక్షులవారు వేదికెక్కి, నిజమైన అలుగు కొండముచ్చేనని, అలుగుల ప్రతినిధి ఇక అదేనని ప్రకటించారు. నక్క ఈలవేసింది. అధ్యక్షులవారు ఇంకా ముగించలేదు.

"అలుగు అమాయక ప్రాణి అని సీరియల్లో మనమంతా చూశాం. అలాంటిదానిచేత వేషాలు వేయించడం నేరం. ఇవాళ్టినుంచి ఈ అలుగు నటించరాదు."

"అయ్యా, అది కొండముచ్చండీ," అంది నక్క.

"అలుగని తేల్చింది నీ పోటీయే కదయ్యా."

అలా సీరియల్ ఆగిపోయింది. కొండముచ్చుకి ఒక బొరియ, పూటకి గుప్పెడు చీమలు మంజూరయ్యాయి. మడుగు దగ్గర డప్పు మోగినప్పుడల్లా అది ముడుచుకోవాల్సిందే. ముడుచుకోకపోతే దొంగ అలుగని కేసు. రెండు రోజులు దానికి చుక్క నీరు అందలేదు.

మూడోనాడు కొండముచ్చు ఈదమ్మ దగ్గరికొచ్చింది. "అక్కా, ఇన్నాళ్ళూ ఎలా బతికావు?"

"ఎండిన వాగు పక్కన తవ్వితే చెమ్మ తగులుతుంది."

"నాకు నీలాంటి గోళ్ళు లేవు."

"తెలుసు," అని ఈదమ్మే తవ్విపెట్టింది. కొండముచ్చు ఆ బురదని చివరి చుక్కదాకా పీల్చుకుంది.

మర్నాడు అధ్యక్షులవారి ముందుకెళ్ళి ఈదమ్మ మాటే చెప్పింది. "డప్పు బదులు ఒక ఆకు ఊపితే చాలండీ."

అధ్యక్షులవారి కళ్ళు చెమర్చాయి. "అయ్యో, ముందే ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"ఈ మాట నాది కాదండీ, ఈదమ్మది. మూడు అర్జీలు పెట్టుకుంది."

"ఎంత వినయం," అన్నారు సభలో అందరూ. మాటరాని అలుగులకి గొంతునిచ్చినందుకు కొండముచ్చుకి అప్పటికప్పుడు సన్మానం ఏర్పాటు చేశారు.

ఆ సాయంత్రం ఎలుగుబంటి ఒక మోదుగాకు ఊపింది. ఈదమ్మ నడిచివెళ్ళి, ముక్కు మునిగేదాకా వంగి తాగింది. గట్టు మీద ఎవరూ లేరు, అంతా సన్మానానికి వెళ్ళారు. ఆమె ఇంకో నాలుగు గుక్కలు తాగింది.

నీతి: దాహం ఎవరిదైనా ఫరవాలేదు, అడిగే మొహం మాత్రం టీవీలో కనబడినదై ఉండాలి.